అబ్బా కలంలో అభ్రకం

మా పెద్దమ్మాయి నిఖాహ్ నిశ్చయమైన తరువాత ఆహ్వాన పత్రికల ప్రస్తావన వచ్చింది. బంగారు అక్షరాలు అద్దిన దళసరి పత్రికల ధర విని మావారు మౌనం వహించారు. నిఖాహ్‌ను నిరాడంబరంగా జరపాలని ముందే అనుకున్నాం. చదివి పక్కన పెట్టే కాగితానికి అంత వ్యయమెందుకు? అప్పుడు అమ్మాయే అన్నది: "అమ్మీ, దగ్గరివారికి నేనే చేతితో రాస్తాను. సిరా మాత్రం మెరవాలి."

మొత్తం 40 పత్రికలు. వాటి కోసం ఆమె అడిగింది మా అబ్బా కలం. 1930ల నుంచి ఎబొనైట్ పెన్నులకు పేరుపొందిన రాజమండ్రిలో తయారైనది. ఉర్దూ బడిలో పాఠాలు చెప్పినంత కాలం అబ్బా (అల్లాహ్ ఆయనను మన్నించుగాక) దానితోనే రాశారు. ఆయన వఫాత్ తరువాత 18 ఏళ్ళుగా అది నా బీరువాలో ఉంది. ఇవ్వడానికి మనసు ఒప్పలేదు. నానా కలమని అడిగిన పిల్లను కాదనలేకపోయాను.

మెరుపు పొడి చిన్న డబ్బాలో వచ్చింది. మూత తీయగానే నాకు దాదీ గుర్తుకు వచ్చారు. ఆ పొడి అభ్రకమే. మెత్తగా నూరిన అభ్రకపు రేణువుల మీద టైటానియం డయాక్సైడ్ పలుచని పూత వేస్తారు. పూత మందాన్ని బట్టి వెండి వన్నె, పసిడి వన్నె వస్తాయి. దాదీ గూడూరులో గనుల అభ్రకాన్ని కత్తితో పొరలు పొరలుగా చీల్చే పనికి ఏళ్ళ తరబడి వెళ్ళారు. కూలి స్వల్పం. మగ్రిబ్ వేళకు ఇల్లు చేరి ఎంతోసేపు వుజూ చేసేవారు. ముంజేతుల మీది మెరుపు అంత తేలికగా వదిలేది కాదు. ఆమె కడిగి పారబోసిన దానినే మునిమనుమరాలు డబ్బు పెట్టి కొన్నది!

రంగు సిరాలో కరుగుతుంది, అభ్రకం కరగదు. కాసేపు తేలి, అడుగుకు దిగుతుంది. అందుకే పుల్లమొనకు అంటినంత పొడి చాలు. రాసే ముందు సీసాను, కలాన్ని మెల్లగా అటూ ఇటూ వంచాలి. పాళీ వెడల్పుగా ఉండాలి. ఇవన్నీ మాకు తరువాత తెలిసిన సంగతులు. అమ్మాయి పావు చెంచా కలిపింది.

పదకొండవ పత్రిక మధ్యలో కలం ఆగిపోయింది. ఎంత విదిల్చినా చుక్క రాలలేదు.

"నానా కలాన్ని పాడు చేశావు! మీకు దేని విలువా తెలియదు" అన్నాను. మరో నెలలో మెట్టినింటికి వెళ్ళవలసిన పిల్ల. మారు మాట్లాడక, సిరా అంటిన చేతులతోనే లోపలికి వెళ్ళిపోయింది. ఆ రాత్రి ఇషా నమాజులో నిలుచున్నానన్న మాటే గానీ మనసు నిలువలేదు.

మరునాడు కలం విప్పాను. ఇటువంటి కలాల్లో పాళీ, దాని కింది నాలుక బిగువు మీదనే నిలుస్తాయి. గుడ్డతో పట్టి తిన్నగా లాగితే ఊడివస్తాయి. వేడి నీరు తగిలితే ఎబొనైట్ నలుపు చెడుతుంది గనుక చల్లని నీటి గిన్నెలో వేశాను. మొదట పసిడి రేణువులు విడివడి అడుగుకు చేరాయి. అయినా నాలుక గాడిలో ఏదో గట్టిగా మిగిలింది. చాలాసేపటికి అది దారంలా, నీలంగా కరగనారంభించింది.

అమ్మాయి వాడింది ఆకుపచ్చ సిరా. నీలం అబ్బాది. ఆయన కలాన్ని కడగకుండా బీరువాలో దాచింది నేను. సిరా దారి సగం నా చేతనే మూసుకుపోయి ఉన్నది.

గిన్నె పట్టుకుని అమ్మాయి గదికి వెళ్ళాను. "తప్పు నాది బేటీ, మాఫ్ చెయ్యి" అని, జరిగింది చెప్పాను. ఆమె నీటిలోకి తొంగి చూసి, "ఇది నానా సిరానా?" అని మెల్లగా వేలు ముంచింది.

ఆకుపచ్చ సిరాను మళ్ళీ, ఈసారి పుల్లమొన పొడితో కలిపాం. అయిదు పత్రికలకొకసారి కలం కడిగే పని నాది. పదకొండవ పత్రికలో కలం ఆగిన చోట చిన్న మరక పడింది. కొత్తది రాస్తానన్నది అమ్మాయి. నేను వద్దని, దానిని మా భాయిజాన్‌కు స్వయంగా ఇచ్చి వచ్చాను.