గుంటూరు ఘాటు.. కందకాల ఉత్తరం

మార్చి, ఏప్రిల్‌లో గుంటూరు మిర్చి యార్డుకి వెళ్తే ముందు తుమ్ములు, తర్వాతే మాటలు. ఎటు చూసినా టిక్కీలు. తేజ, 334, బాడిగ.. పేరు వినగానే ఘాటెంతో చెప్పేస్తారు ఇక్కడివాళ్ళు. ఊరు దాటి నరసరావుపేట, వినుకొండ వైపు సాగితే నల్లరేగడి పక్కనే ఎర్రటి కల్లాలు. ఈ నలుపూ ఎరుపూ చూస్తే నాకు 1915 నాటి ఒక ఉత్తరం గుర్తొస్తుంది.

మొదటి ప్రపంచ యుద్ధంలో లక్షమందికి పైగా భారతీయులు ఫ్రాన్స్, బెల్జియం వెళ్ళారు. మన పశ్చిమగోదావరిలోని మిలిటరీ మాధవరం నుంచి కూడా ఆ యుద్ధంలో 90 మంది పనిచేశారు. సిపాయిల ఉత్తరాల్ని సెన్సార్ అధికారులు విప్పి చదివేవాళ్ళు. కందకాల్లో మనవాళ్ళు ఎలా పోతున్నారో నేరుగా రాయడం కుదరదు.

అందుకే ఇంగ్లండ్‌లో, బ్రైటన్ ఆసుపత్రిలో ఉన్న ఒక ఉత్తరాది సిపాయి ఆ ఏప్రిల్‌లో తనవాడికి వంటింటి భాషలో రాశాడు. సారాంశం ఇదీ: నల్ల మిరియాలు నిండుకున్నాయి, ఇప్పుడు ఎర్ర మిరప వాడుతున్నారు, నల్లదానికున్న ఘాటు ఎర్రదానికి లేదు.

నలుపంటే మన సిపాయిలు. ఎరుపంటే తెల్ల సిపాయిలు!

యార్డులో ఎవరైనా మిరపకి ఘాటు లేదంటే ఊరుకోరు గానీ, అతని లెక్క వేరు. మిరియం ఈ నేలది. మిరప పోర్చుగీసువాళ్ళ ఓడల్లో వచ్చింది. పరాయి యుద్ధంలో దెబ్బతిని పడుకుని కూడా తనవాళ్ళ గొప్ప చెప్పుకోవడం మానలేదు.

ఇప్పుడు మన ఫోన్లో మెసేజ్‌కి ఎన్‌క్రిప్షన్ యాప్ చూసుకుంటుంది. అతనికున్న తాళంచెవి పోపులపెట్టె ఒక్కటే. అదీ సెన్సార్ చేతికి దొరికిపోయింది. విచిత్రం ఏంటంటే, ఇవాళ మనం ఆ మాటలు చదవగలుగుతున్నది సెన్సార్ రాసుకున్న ఇంగ్లిష్ అనువాదం వల్లే. అతని సొంత భాషలోని మాటలు మనదాకా రాలేదు.

మన ఇళ్ళల్లో బియ్యం అయిపోయాయని అనరు, నిండుకున్నాయంటారు. అశుభం పలకకూడదని. అతను మనుషుల గురించి అలా చెప్పాల్సి వచ్చింది. ఫ్రాన్స్‌లోని నవ్ షాపెల్ స్మారకం మీద, సమాధి కూడా దక్కని 4,700 మందికి పైగా భారతీయుల పేర్లున్నాయి.