అమెరికా సంగతులు మనకెందుకంటారా?

మీ ఇంట్లో పొద్దున్నే మొదటగా ఏ వార్త వింటారు? వానల వార్తా, ఉల్లిగడ్డల ధరా? మా ఇంట్లో మాత్రం అమెరికా వార్త వినందే కాఫీ గొంతు దిగదు. గద్వాలలో కూర్చుని డల్లాస్‌లో ఎండ ఎంత ఉందో చెప్పగలను. మా వీధిలో నీళ్ళు ఎప్పుడొస్తాయో మాత్రం అడగకండి!

నవ్వుకుంటున్నారు కదూ! నవ్వండి. ఒకప్పుడు నేనూ ఇలాంటివాళ్ళను చూసి నవ్వినదాన్నే. మా పెద్దమ్మాయి చదువుకోసం అమెరికా వెళ్ళి, అక్కడే ఉద్యోగంలో చేరాక నా నవ్వు ఆగింది. అక్కడ ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు అన్నది మన గడప దాటి లోపలికొచ్చే సంగతే అని తెలిసొచ్చింది.

మొదట్లో అంతా సంబరమే. 2023 జనవరిలో దక్షిణాఫ్రికాలో ఆడపిల్లల అండర్-19 క్రికెట్ ప్రపంచ కప్పు జరిగింది. అమెరికా జట్టు పేర్లు మావారు పేపర్లోంచి పైకి చదివారు. కెప్టెన్ గీతిక కొడాలి. ఇంకా అనికా కోలన్, లాస్య ముళ్ళపూడి, భూమిక భద్రిరాజు, సాయి తన్మయి... "ఇది అమెరికా జట్టా, మా బడిలో హాజరు పట్టీనా?" అన్నారాయన. ముప్పై ఏళ్ళు బడిలో హాజరు వేసిన మనిషి మరి! మన ఇళ్ళల్లో తిరిగే పేర్లు ఆ దేశపు జెర్సీల మీద కనిపిస్తుంటే కడుపు నిండినట్టయింది.

2024 జూన్ 6న డల్లాస్ దగ్గర గ్రాండ్ ప్రెయిరీలో అమెరికా మగవాళ్ళ జట్టు పాకిస్తాన్‌ను ఓడించింది చూడండి, ఆ రాత్రి మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. రెండు జట్లూ 159 పరుగులే చేశాయి. సూపర్ ఓవర్‌లో అమెరికా 18 కొడితే పాకిస్తాన్ 13 దగ్గర ఆగిపోయింది. ఆ ఓవర్ వేసిన సౌరభ్ నేత్రావల్కర్ ముంబయి పిల్లవాడు, పగలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. వారం తిరక్కుండానే, జూన్ 12న న్యూయార్క్‌లో అమెరికా మీద మన ఇండియా ఆడింది. "ఎవరు గెలవాలంటావు?" అని మావారు అడిగారు. ఇండియానే అన్నాను. ఇండియానే గెలిచింది. కానీ నిజం చెప్పొద్దూ, అమెరికా వాళ్ళ వికెట్ పడ్డప్పుడల్లా మనసులో ఏదో చిన్న ముల్లు. అక్కడ నా మనవరాలుంది కదండీ! 2022లో అక్కడే పుట్టింది.

ఇక ఉష గారి సంగతి. 2025 జనవరి 20న జె.డి. వాన్స్ ఉపాధ్యక్షుడిగా ప్రమాణం చేస్తుంటే ఆయన చెయ్యి ఉంచిన బైబిల్ పట్టుకుని నిలబడ్డ ఉషా చిలుకూరి పూర్వీకులది పశ్చిమ గోదావరి జిల్లాలోని వడ్లూరు. ఆ రోజు నేను సేమియా పాయసం చేశాను. మా పక్కింటావిడ "మీకేమవుతారు?" అని అడిగితే "తెలుగింటి ఆడపడుచు కదా!" అన్నాను గొప్పగా. సరిగ్గా ఆ రోజే, తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ళకు ఇకమీదట పుట్టే పిల్లలకు పౌరసత్వం రాదని ట్రంప్ ఇంకో కాగితం మీద సంతకం పెట్టారు. దాన్ని కోర్టులు ఆపాయి. పాయసం గిన్నె కడుగుతూ ఆ వార్త విన్నాను. మనమ్మాయి పెద్ద పీట మీద కూర్చుంటే మన పిల్లలందరికీ పీటలు దొరుకుతాయనుకోవడం నా అమాయకత్వం.

అసలు సంగతికి వస్తాను.

2025 సెప్టెంబర్‌లో మా అమ్మాయి, మూడేళ్ళ మనవరాలు గద్వాల వచ్చారు. పెళ్ళయ్యాక ఇదే మొదటి బతుకమ్మ. అల్లుడికి సెలవు దొరకక డల్లాస్‌లోనే ఉండిపోయాడు. 21వ తేదీ ఆదివారం ఎంగిలిపూల బతుకమ్మ. నాకు ఇరవై రోజుల ముందు నుంచే హడావిడి. తీసుకెళ్ళడానికి పల్లీల పొడి, కరివేపాకు కారం కొట్టిపెట్టాను. అమ్మాయికి గద్వాల చీర, మనవరాలికి పట్టు లంగా తెచ్చాను. శనివారం తెల్లవారుజామునే మావారు వెళ్ళి తంగేడు, గునుగు కోసుకొచ్చారు. తడిబట్ట కప్పి అరుగు మీద పెట్టాను.

ఏడు గంటలకు మా అమ్మాయి ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. "అమ్మా, హెచ్-1బి వీసాకు లక్ష డాలర్లట. రేపటి నుంచేనట. బయట ఉన్నవాళ్ళంతా వెంటనే వెనక్కి రావాలని కంపెనీ మెయిల్ పెట్టింది" అంది.

లక్ష డాలర్లంటే ఆనాటి లెక్కలో దాదాపు 88 లక్షల రూపాయలు. మా ఇల్లు, మావారి పింఛను, నా మెడలోని పుస్తెలతాడు అన్నీ కలిపినా అంత కాదు. ఆ కాగితంలో గడువు మన లెక్కన ఆదివారం పొద్దున తొమ్మిదిన్నర. మావారు వేళ్ళు మడిచి లెక్కేశారు. బీచుపల్లి వంతెన దాటి, పెబ్బేరు, కొత్తకోట, జడ్చర్ల మీదుగా శంషాబాద్ చేరడానికి మూడున్నర గంటలు. అక్కడి నుంచి విమానాల్లో ఇరవై గంటల పైనే. టికెట్ దొరకాలి. దొరికినా మధ్యలో విమానం మారాలి. లెక్క ఎటు తిప్పినా చేరేది గడువు దాటాకే. టికెట్ ధరలు చూస్తుండగానే పెరిగిపోతున్నాయి. అవతల ఫోన్‌లో అల్లుడు, ఇవతల మేము. ఎవరికీ మాట రావడంలేదు.

ఆ గందరగోళంలో ఒక సంగతి గమనించాను. మా ఇంట్లో ఆ కాగితానికి భయపడనక్కర్లేనిది ఒక్కతే, మా మనవరాలు. పుట్టుకతో అమెరికా పౌరురాలు! పెద్దవాళ్ళం వణికిపోతుంటే ఆవిడగారు జొన్నరొట్టె ముక్క చేతబట్టుకుని కోడిపిల్లల వెంట పరుగెడుతోంది. ఆ పిల్ల ఎప్పుడైనా వెళ్ళొచ్చు, కన్నతల్లి వెళ్ళడానికి 88 లక్షలు కట్టాలా? ఆ లెక్క నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆ రోజు పొయ్యి వెలిగించలేదు. రాత్రి ఎవరం పడుకోలేదు. తెల్లవారుజామున మా అమ్మాయి ఫోన్ చూసి భోరున ఏడ్చింది. భయపడి దగ్గరకెళితే, "ఇప్పటికే వీసా ఉన్నవాళ్ళకు కాదటమ్మా, కొత్తగా పెట్టేవాళ్ళకేనట!" అంది. వైట్‌హౌస్ వివరణ ఇచ్చింది. ఏటేటా కట్టాలని మొదట ఒక మంత్రి అన్నారు, కాదు ఒక్కసారేనని ఆ తర్వాత చెప్పారు. ఈ ముక్క ముందే స్పష్టంగా చెబితే ఎన్ని ఇళ్ళల్లో ఆ రాత్రి నిద్ర పట్టేదో! హెచ్-1బి వీసాలు వచ్చేవాళ్ళలో పదిమందికి ఏడుగురు మన దేశం వాళ్ళే. అంటే ఆ రాత్రి మాలాగా మేలుకున్న తల్లులు ఎంతమందో మీరే ఊహించుకోండి.

ఆదివారం సాయంత్రం బతుకమ్మ పేర్చాం. పూలు కాస్త వాడాయి, అయినా పేర్చాం. కానీ కంపెనీ వాళ్ళు ఎందుకైనా మంచిది వచ్చేయమన్నారు. మూడు వారాలుంటానన్న పిల్ల గురువారానికే బయలుదేరింది. సద్దుల బతుకమ్మ చూడనేలేదు. శంషాబాద్‌లో లోపలికి వెళ్ళేముందు నన్ను పట్టుకుని, "నేను కూడా పాలమూరు లేబర్‌నేనమ్మా, మేస్త్రీ పిలిస్తే పోవాలె" అంది. నవ్వుతూనే అంది. ఆ మాట నా గుండెలో దిగబడింది.

పాలమూరు లేబర్ అంటే ఈ తరం పిల్లలకు ఎంత తెలుసో నాకు తెలియదు. నా చిన్నతనం వనపర్తిలో గడిచింది. సంస్థానం వారి రాజభవనంలో పాలిటెక్నిక్ కాలేజీ ఉంది కదా, దానికి దగ్గరలోనే మా ఇల్లు. పండుగ వెళ్ళగానే గుంపు మేస్త్రీ ఊళ్ళల్లోకి వచ్చి అడ్వాన్సు చేతిలో పెట్టేవాడు. ఆ డబ్బుతో అప్పు తీర్చుకునో, పెళ్ళి చేసుకునో, జనం మూటాముల్లె కట్టుకుని ఎక్కడెక్కడి ప్రాజెక్టులకో మట్టి మోయడానికి వెళ్ళిపోయేవాళ్ళు. ఊరూరా తాళాలు వేసిన ఇళ్ళు, అరుగుల మీద ముసలివాళ్ళు. మేస్త్రీని కాదని మధ్యలో తిరిగి రావడానికి లేదు. అడ్వాన్సు తీరాలి మరి. దేశంలో ఎన్నో ఆనకట్టలు కట్టిన చేతులు మన జిల్లావే. మన పొలాలకు మాత్రం నీళ్ళు లేవు.

వాళ్ళ కష్టం, మా అమ్మాయి కష్టం ఒకటేనని నేననను. అంటే పాపం. వాళ్ళది ఆకలి, మాది ఆశ. వాళ్ళు గుడిసెల్లో పడుకున్నారు, మా అమ్మాయికి కారుంది. కానీ ఒక్క పోలిక మాత్రం ఉంది. అప్పు ముందు, పని తర్వాత. ఉద్యోగం పోతే వీసా కూడా పోతుంది. పిలిచినవాడి మాటే చెల్లుతుంది. ఊళ్ళో మిగిలేది మళ్ళీ ముసలివాళ్ళమే. 2016లో మన పాలమూరును విడగొట్టి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అని వేరే జిల్లాలు చేశారు. బోర్డులు మారాయి కానీ వలస పోవడం మారలేదు.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, ఆ తర్వాత సంక్రాంతికి నాగర్‌కర్నూల్ నుంచి మా చెల్లెలు వచ్చింది. వాళ్ళ చిన్నమ్మాయి ఇంజనీరింగ్ అయిపోవస్తోంది. అరిసెలు వత్తుతూ మెల్లగా కదిపింది.

"అక్కా, పిల్ల అమెరికా పోతనంటది. పల్లి చేను మూడెకరాలు అమ్ముదామంటడు మీ మరిది. ఏం జెయ్యమంటవు?"

చేతిలో పిండిముద్ద అలాగే ఉండిపోయింది. వద్దంటే, "నీ బిడ్డ పోవచ్చు, నా బిడ్డ పోవద్దా?" అనుకోదూ! సరే అంటే, రేపు మరో శనివారం వస్తే?

అక్కడ మన పిల్లలు ఎదగడంలేదా అంటే, ఎదుగుతున్నారు. మేరీల్యాండ్‌లో గవర్నర్ తర్వాతి పదవికి 2023 జనవరిలో ప్రమాణం చేసిన అరుణా మిల్లర్ హైదరాబాద్‌లో పుట్టారు. వర్జీనియాలో అదే పదవికి 2025 నవంబర్‌లో గెలిచిన గజాలా హష్మీ పుట్టింది కూడా హైదరాబాదే. ఇద్దరూ చిన్నపిల్లలప్పుడే ఆ దేశం వెళ్ళారు. అది ఒక పక్క. ఇంకో పక్క మన గొంగడి త్రిష. భద్రాచలం పిల్ల. కూతురి ఆట కోసం తల్లిదండ్రులు ఊరు వదిలి సికింద్రాబాద్ వచ్చారు. 2025లో అండర్-19 ప్రపంచ కప్పు మన దేశానికి తెచ్చిన జట్టులో ఆడి, టోర్నమెంట్‌లో మేటి క్రీడాకారిణి అనిపించుకుంది. పిల్లలకోసం తల్లిదండ్రులు ఉన్నదంతా ఒడ్డడం రెండు చోట్లా ఉంది. దారులే వేరు.

రాత్రంతా ఆలోచించి, పొద్దున మా చెల్లెలికి ఇలా చెప్పాను. "పిల్లకు నిజంగా చదవాలని ఉంటే పంపు. పక్కింటి పిల్ల పోయిందని మాత్రం పంపకు. చేను అమ్మకు. లోను తీసుకో, ఇక్కడి జీతంతోనైనా తీర్చగలిగినంతే తీసుకో. అక్కడ చదువయ్యాక లాటరీలో పేరు రావాలి. ఏటా ఇచ్చేవి 85 వేల వీసాలే, అడిగేవాళ్ళు లక్షల్లో. రాకపోతే ఏమిటన్నది పోకముందే మాట్లాడుకోండి. తిరుగు టికెట్ డబ్బు విడిగా బ్యాంకులో వెయ్యి, దాన్ని ముట్టుకోకు. ఇంకో మాట. తిరిగొస్తే తల వంచుకోనక్కర్లేదని పిల్లకు ఇప్పుడే చెప్పు. విమానం ఎక్కేటప్పుడు కాదు, ఇప్పుడే."

మా చెల్లెలు చాలాసేపు మాట్లాడలేదు. ఆఖరుకు, "నీ బిడ్డకు చెప్పినవా అక్కా ఈ మాట?" అంది.

చెప్పలేదండీ. ఆరేళ్ళయింది, ఒక్కసారి కూడా చెప్పలేదు. ఫోన్ చేసినప్పుడల్లా వీసా ఏమైంది, గ్రీన్‌కార్డు ఎక్కడిదాకా వచ్చింది అనే అడిగాను. ఆ పిల్లకు అది ధైర్యంగా వినిపించిందో, మేస్త్రీ అడ్వాన్సు లెక్కలా వినిపించిందో ఎప్పుడూ ఆలోచించలేదు.

ఆ రాత్రే ఫోన్ చేశాను. "బిడ్డా, ఎప్పుడు రావాలనిపించినా వచ్చెయ్. ఉద్యోగం ఉన్నా లేకున్నా సరే. మీ గది అట్లనే ఉంది" అన్నాను. అటువైపు నుంచి కాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత, "పల్లీల పొడి అయిపోయిందమ్మా" అంది. గొంతు పూడుకుపోయి ఉంది. మనవరాలు వెనకనుంచి "అమ్మమ్మా, కోడిపిల్లలు?" అని అరిచింది.

కోడిపిల్లలు పెద్దవయ్యాయి. వచ్చే బతుకమ్మకు వాళ్ళొస్తారో రారో అమెరికా వార్తలే చెప్పాలి. నేను మాత్రం గది ఊడ్చి పెట్టుకున్నాను.

మీ పిల్లలు దూరాన ఉంటే మీరు కూడా ఈ రాత్రి ఒక్కసారి ఫోన్ చెయ్యండి. వీసా సంగతి అడక్కండి. ఏం తిన్నావని అడగండి. వచ్చెయ్యాలనిపిస్తే వచ్చెయ్యమనండి. వాళ్ళు రాకపోవచ్చు. కానీ ఆ మాట విన్న రాత్రి కాస్త నిద్రపోతారు.