యాదృచ్ఛికంగా పడిన విత్తనాలు

విశ్వం పుట్టిన సుమారు 3,80,000 ఏళ్లకు బయల్దేరిన కాంతి ఇప్పటికీ మైక్రోవేవ్ తరంగాలుగా అన్ని దిక్కుల నుంచీ భూమికి చేరుతోంది. 1965లో శాస్త్రవేత్తలు పెంజియాస్, విల్సన్ దాన్ని కనుగొన్నట్టు ప్రకటించారు. దాని ఉష్ణోగ్రత 2.7 కెల్విన్. చోటుకీ చోటుకీ తేడా దాదాపు లక్షలో ఒక వంతే. ఆ స్వల్ప తేడాలను 1992లో కోబ్ ఉపగ్రహం పట్టుకుంది.

ఇన్‌ఫ్లేషన్ సిద్ధాంతం (విశ్వం తొలి క్షణంలోనే అతివేగంగా విస్తరించిందనే భావన) ప్రకారం అవి క్వాంటం ఒడిదుడుకుల ఆనవాళ్లు. ఆ ఒడిదుడుకుల వల్లే పదార్థం కొన్నిచోట్ల కాస్త చిక్కబడింది; ఎక్కడ చిక్కబడుతుందో ముందే చెప్పగల నియమమేదీ లేదు. చిక్కబడ్డాక మాత్రం అంతా గురుత్వాకర్షణ చేతిలోనే. అది చుట్టూ ఉన్న పదార్థాన్ని కోట్ల ఏళ్లపాటు లాక్కుంటూ పోతుంది, గెలాక్సీలు ఏర్పడక తప్పదు. పాలపుంత ఈ చోటనే ఉండటం యాదృచ్ఛికమే గానీ, గెలాక్సీలంటూ ఉండటం యాదృచ్ఛికం కాదు. భౌతికశాస్త్రం ఇచ్చిన సమాధానాల్లో ఇంత అందమైనవి అరుదు.

విశ్వం ముగింపు ఇంత స్పష్టంగా లేదు. విస్తరణ వేగం పెరుగుతోందని 1998లో సూపర్‌నోవాల పరిశీలనలు చూపాయి. అందుకు కారణమని భావిస్తున్న డార్క్ ఎనర్జీ స్థిరంగా ఉంటే దూరపు గెలాక్సీలు చూపు దాటిపోతాయి, నక్షత్రాలు ఆరిపోతాయి, విశ్వం చల్లబడిపోతుంది. ఆ శక్తి నిజంగా స్థిరమేనా అని తేల్చడానికే అమెరికాలోని అరిజోనాలో డెసి అనే పరికరం కోట్లాది గెలాక్సీల దూరాలు కొలుస్తోంది.