తడి ఆపిన తోటల మీదుగా

హనుమాన్ జంక్షన్ దగ్గర జాతీయ రహదారి వదిలి నూజివీడు దారి పట్టాక వరిచేలు వెనకబడి ఎర్రనేలలు మొదలవుతాయి. జనవరి చివరి వారం. చిన్నరసం, పెద్దరసం, బంగినపల్లి, తోతాపురి, ఏ తోట చూసినా పూతే. కారు అద్దం దించితే తేనెలో కాస్త పులుపు కలిసినట్టు వాసన. వానలు వెళ్లాక ఈ చెట్లకు తడి ఆపేస్తారు. నేల ఆరాక చెట్టు చిగురు మానుకుని, ముదిరిన కొమ్మల చివర పూత వేస్తుంది. ఆ వేళ తప్పి నీరు తగిలిందా, పూతకు బదులు ఆకే. పెరట్లో పరిమళించే పొదలు ఎక్కువ కాలం పూయాలని ఆశపడేవాళ్లు కడియం నర్సరీలకు వెళ్లేముందు ఈ దారిన ఒకసారి రావాలంటాను. ఎందుకంటే ఇంటిదగ్గర మనం చేసేది దీనికి సరిగ్గా తలకిందులు. ఏడాది పొడుగునా నీళ్లు పోస్తాం, కత్తెర తగలనివ్వం, పైగా మల్లె మొగ్గ తొడగలేదని విసుక్కుంటాం.

మామిడికీ మల్లెకూ పొత్తేమిటని అడగవచ్చు. అడగాల్సిందే కూడా. మామిడి ముదిరిన కొమ్మకు పూస్తే మల్లె లేత చిగురుకు మొగ్గ వేస్తుంది. అందుకే మామిడికి ఎండు ఒక్కటీ చాలు, మల్లెకు కత్తెర కూడా కావాలి. నూజివీడు దాటి మైలవరం వైపు సాగితే మల్లెతోటలు కనిపిస్తాయి. మల్లె సాగులో చలికాలం మొదట్లో నీరు ఆపి, మోకాలెత్తున కొమ్మలు కోసి, ఎరువు వేసి, మళ్లీ తడి ఇస్తారు. ఆ కోతకు వచ్చిన చిగురే మార్చి నుంచి ఎండాకాలమంతా పూస్తుంది. రెండు చోట్లా సూత్రం ఒకటే: విశ్రాంతి తీసుకోని మొక్క విరగబూయదు.

అలాగైతే మిగతా నెలలు పెరడు బోసిపోదా? ఒక్క పొదనే నమ్ముకుంటే పోతుంది. మల్లె వెనకబడే వానాకాలానికి జాజి, శరత్తుకు పారిజాతం, చలికి కాగడా ఉన్నాయి. కాగడా వాసన మందమే అనుకోండి, ఆ నెలల్లో అదీ మేలే. నందివర్ధనం ఏడాదంతా ఎంతో కొంత పూస్తూనే ఉంటుంది. ఇన్నిటికి చోటెక్కడ అన్నది అసలు అభ్యంతరం. కత్తెర పడే మల్లె కుండీలో ఇముడుతుంది, జాజి గోడెక్కుతుంది. పారిజాతమే చిన్న చెట్టవుతుంది కాబట్టి నిజంగా ఇరుకైన పెరట్లో దాన్ని వదులుకోవడమే తెలివి. ఇక మామిడి నీడన మల్లె పెట్టాలన్న ముచ్చట మానుకోవాలి, ఎండ లేనిచోట అది ఆకులకే పరిమితం.

బజారుకు పోయే మొగ్గను తెల్లవారుజామునే కోసేస్తారు. పెరటి మొగ్గకు ఆ తొందర లేదు, చీకటి పడుతుంటే కొమ్మమీదే విచ్చుకుంటుంది. అందుకే మల్లెకుండీని పగలు ఎండ తగిలే పడకగది కిటికీ కింద పెట్టాలి, వీధి గేటు పక్కన కాదు.