ఉరుముల వేళ ఫోను

వేసవిలో ప్రతి ఆదివారం సాయంత్రం ఐదున్నరకు ఆ ఇంట్లో ఫోను మోగేది. డాలస్‌లో అప్పుడు పొద్దున ఏడు గంటలు. అక్కడివాళ్లు గడియారం మార్చుకుంటారు కాబట్టి చలికాలంలో అది ఆరున్నర అయ్యేది. కొడుకు నిద్రలేవగానే, కళ్యాణదుర్గం దగ్గరి పల్లెలో ఉన్న అమ్మకు చేసే ఫోను అది. ఏప్రిల్, మే నెలలు వచ్చాయంటేనే చిక్కు. పగలంతా ఎండ మాడ్చేసి, సాయంత్రానికి మబ్బు లేచేది. వాన నాలుగు చినుకులే. ఉరుములూ మెరుపులకు మాత్రం కరవుండేది కాదు.

అయ్యవారు బడిపంతులుగా రిటైరై చాలా ఏళ్లయింది. ఊరికి మాత్రం ఇంకా అయ్యవారే. ఓ మే నెల సాయంత్రం భార్య ఫోనులో మనవరాలి ముద్దుమాటలు వింటూ ఉండగానే ఆయన గోడ సాకెట్లోంచి వైరు లాగేశారు.

"వారానికొకసారి వినే బిడ్డ గొంతు గూడా పీకేస్తివా?" అందామె. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఆయన భయం ఉత్తిది కాదు. అంతకుముందు పక్కవీధి వేపచెట్టు మీద పిడుగు పడితే ఆ వరుసలో ఫోన్లన్నీ మాడిపోయాయి. రిసీవరు చెవి దగ్గర పెట్టుకున్న ఒకాయనకు నెలల తరబడి చెవిలో హోరు.

మామూలుగా ఫోను తీగ అంత ప్రమాదం కాదు. ఎక్స్ఛేంజి బ్యాటరీల నుంచి అందులో వచ్చేది 48 వోల్టులే. గంట మోగేటప్పుడు సుమారు 75 వోల్టుల ఏసీ వస్తుంది. తడిచేత్తో బోసి వైరు పట్టుకుంటే చురుక్కుమంటుంది, అంతే. అసలు భయం స్తంభాల మీదుగా కిలోమీటర్ల దూరం పరుచుకుని వచ్చే తీగతోనే. పిడుగు ఎక్కడో పడినా ఆ పోటు తీగ వెంట ఇంట్లోకి వచ్చేస్తుంది. దాన్ని మళ్లించడానికి లైను ఇంట్లోకి వచ్చేచోట చిన్న డబ్బాలో రక్షణ పరికరం పెడతారు. వోల్టేజి హద్దు మీరితే అది పోటును భూమిలోకి పంపేస్తుంది. కానీ భూమి తీసుకోవాలి కదా!

అనంతపురంలో ఏడాది మొత్తానికి సగటున పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. రాళ్లతో నిండిన ఎర్రనేల ఎండిపోతే కరెంటును సరిగా తీసుకోదు. అందుకే ఎర్త్ గుంతలో ఉప్పు, బొగ్గు పొరలుగా వేసి, ఇనుప గొట్టం దించి, అప్పుడప్పుడూ నీళ్లు పోయాలి. ట్యాంకరు వస్తే తప్ప బిందె నిండని రోజుల్లో అయ్యవారు చెంబుతో గొట్టం దగ్గరికి బయల్దేరితే ఇంట్లో ఊరుకుంటారా?

"గొంతు తడుపుకునేదానికి లేకుంటే గొట్టానికి నీళ్లా!"

చివరికి బియ్యం కడిగిన నీళ్ల దగ్గర ఇద్దరికీ రాజీ కుదిరింది.

ఈ తగువు కొడుకు చెవిన పడింది. 2013లో వస్తూ వస్తూ అమెరికా నుంచి కార్డ్‌లెస్ ఫోను తెచ్చాడు. చేతిలోని ఫోనుకు తీగ ఉండదు కాబట్టి పిడుగు పోటు చెవిదాకా రాదు. ఆలోచన మంచిదే. కానీ దాని అడాప్టరు 120 వోల్టులది. మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టగానే కాలిన వాసన, సన్నగా పొగ. ట్రాన్స్‌ఫార్మరు కొని తగిలిద్దామనుకుంటుండగా సెల్ టవర్ల దగ్గర పనిచేసే మేనల్లుడు వచ్చాడు. డబ్బా మీద 'డెక్ట్ 6.0' అని చూసి తల అడ్డంగా ఊపాడు.

"మామా, ఇది మనూర్లో పెట్టగూడదు."

అమెరికాలో ఆ ఫోన్లకు ఇచ్చిన తరంగాలు 1920 నుంచి 1930 మెగాహెర్ట్జ్. మన దేశంలో 1920 నుంచి 1980 వరకూ మొబైల్ కంపెనీలవి. 3జీ కోసం 2010లో వేలం వేసింది ఆ శ్రేణిలోనే. సెల్‌ఫోన్లు టవరుతో మాట్లాడే దారి అది. ఆ దారిలో ఈ ఫోను అరుస్తుంటే చుట్టుపక్కల సెల్‌ఫోన్ల మాట టవరుకు సరిగా అందదు. అమెరికా నుంచి ప్రేమగా వచ్చిన ఇలాంటి సెట్లు తెలుగువాళ్ల ఇళ్లలో ఎన్నో. తెచ్చినవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పి ఉండరు.

ఆ సెట్టు ట్రంకుపెట్టెలోకి వెళ్లింది. అయ్యవారు అనంతపురం వెళ్లి మన దేశం కోసం తయారైన కార్డ్‌లెస్ కొనుక్కొచ్చారు. అడాప్టరు మీద 230 అని ఉందో లేదో షాపులోనే కళ్లద్దాలు పెట్టుకుని మరీ చదివారు. ఇప్పుడైతే చూసుకోవడానికి ఇంకో ఆధారం ఉంది. 2017 నిబంధనల ప్రకారం తీగ ఫోన్లు, కార్డ్‌లెస్‌లు, మోడెమ్‌లను పరీక్షించి, టెలికమ్యూనికేషన్ ఇంజినీరింగ్ సెంటర్ ధ్రువపత్రం తీసుకున్నాకే అమ్మాలి. ఇది 2019 అక్టోబరు 1 నుంచి తప్పనిసరి అయింది.

పాత తీగ ఫోనును మాత్రం ఆయన తీసేయలేదు. కరెంటు పోతే కార్డ్‌లెస్ మూగబోతుంది, తీగ ఫోను ఎక్స్ఛేంజి బ్యాటరీ మీద బతికే ఉంటుంది. ఓ రాత్రి కరెంటు లేనప్పుడు ఆమెకు ఆయాసం ఎక్కువైతే 108కు చేసింది దాంతోనే.

ఆ తర్వాత రాగి తీగ పోయి ఆ ఇంటికి ఫైబర్ వచ్చింది. నంబరు మారలేదు. గాజు తీగ వెంట పిడుగు పోటు రాదు. కానీ ఇంట్లో పెట్టిన పెట్టెకు కరెంటు కావాలి. కరెంటు పోతే ఫోనూ పోతుంది. అందుకే మేనల్లుడు చిన్న బ్యాటరీ బ్యాకప్ పెట్టి వెళ్లాడు. ఫైబర్ వచ్చాక ఇక గొట్టానికి నీళ్లెందుకని ఆమె అడిగింది. ఇంటి కరెంటుకూ అదే ఎర్త్ అన్నారు అయ్యవారు. ఆయనకు మోకాళ్ల నొప్పులు వచ్చాక బియ్యం కడిగిన నీళ్ల చెంబు ఆమే తీసుకెళుతోంది.