గోదావరికి ఎగువన ద్రాక్షతోటలు

డిసెంబరు 7, 2025, బాసర

నాసిక్ వెళ్లాలని ఇవాళ గట్టిగా అనుకున్నాం. తులూజ్‌లో ఉద్యోగం చేస్తున్న అక్క కూతురు "మామా, బోర్డో తోటలు చూపిస్త, నువ్వూ అత్తా రాండ్రి" అని ఎప్పటినుంచో పిలుస్తోంది. తప్పకుండా పోతాం. దానికి ముందు మన నది ఒడ్డున పండే ద్రాక్షను, దాని వైన్‌ను చూసి పోవాలని నా కోరిక. త్రయంబకం కొండల్లో పుట్టిన గోదావరి గంగాపూర్ డ్యాం దాటి, నాసిక్, నాందేడ్ మీదుగా మన స్నానఘట్టానికి వస్తుంది. ఆ డ్యాం చుట్టుపక్కలే సులా, యార్క్ తోటలున్నాయి.

డిసెంబరు 10

ఎప్పుడు వెళ్లాలో తేలింది. బోర్డోలో కోత సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో. తర్వాత చలికి తీగ ఆకు రాల్చి పడుకుంటుంది. నాసిక్‌లో అంత చలి ఉండదు కనుక రైతు రెండుసార్లు కత్తెర పట్టాలి. ఏప్రిల్‌లో కొమ్మ బలం కోసం ఒకసారి, వానలు వెనకబడుతుండగా కాయ కోసం ఇంకోసారి. పంట మాత్రం ఒక్కటే, జనవరి నుంచి మార్చి దాకా కోస్తారు.

జనవరి 23 వసంత పంచమి. అక్షరాభ్యాసాల జనంతో ఊరు నిండిపోతుంది, మేం కదలలేం. 26 రిపబ్లిక్ డే, మద్యం బంద్. ఫిబ్రవరి 15 శివరాత్రి, త్రయంబకంలో కాలు పెట్టే సందుండదు. శని, ఆదివారాల్లో ముంబై జనం తోటలకు వస్తారు. అన్నీ చూసుకుంటే ఫిబ్రవరి 10 మంగళవారం రాత్రి బయల్దేరడం మేలు. దేవగిరి ఎక్స్‌ప్రెస్ అర్ధరాత్రి దాటాక నాసిక్ రోడ్డులో దింపుతుంది. అజంతా ఎక్స్‌ప్రెస్‌లో పోతే తెల్లవారి మన్మాడ్ చేరి, అక్కడి నుంచి బస్సెక్కవచ్చు. అజంతాకే టికెట్లు తీయాలి.

డిసెంబరు 14

నిజామాబాద్ బావ ఫోన్ చేశాడు. "అంత దూరం పోయి రెండు తోటలేంది బావా, రోజుకు ఐదు చుట్టేద్దాం" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. రుచి చూడటమంటే ఏమిటో నాన్న దగ్గర చూసినవాణ్ని.

నాన్న కల్లు గీసిన తాటివనం ముధోల్ దారిలో ఉంది. తెల్లవారకముందే మోకు వేసుకొని చెట్టెక్కి, గెల కొనను పలచగా చెక్కి, లొట్టి దించేవాడు. కిందికి దిగాక లొట్టి మూతి దగ్గర ముక్కు పెట్టి ఆగేవాడు. నురగ పక్కకు ఊది, తాటాకు రేకలో రెండు గుక్కలు తాగేవాడు. ఏ చెట్టుదో, లొట్టి సరిగ్గా కడిగారో లేదో ఆ రెండు గుక్కల్లోనే చెప్పేవాడు. ఇంకో చెట్టు కల్లు ముట్టే ముందు నీళ్లతో నోరు పుక్కిలించేవాడు. మత్తు కోసం వచ్చినవాడికి వనమంతా ఒక్కటే. రుచి తెలిసినవాడికి ప్రతి చెట్టూ వేరే.

వైన్‌కూ ఇదే పద్ధతని తులూజ్‌లోని మేనకోడలు చెప్పింది. తెల్లవి ముందు, ఎర్రవి తర్వాత. వాసన చూసి, నోట్లో తిప్పి, వద్దనుకుంటే పక్కనున్న పాత్రలో ఉమ్మేయాలి. అక్కడ దాన్ని ఎవరూ తప్పుపట్టరు. బోర్డోలో చాలాచోట్ల ముందే సమయం అడిగి పెట్టుకోవాలట. కోత రోజుల్లో పని ఒత్తిడికి కొందరు ఎవరినీ రానివ్వరట.

డిసెంబరు 18

చదివినవి రాసుకుంటున్నాను. నాసిక్ ముందునుంచీ తినే ద్రాక్షకు పేరు, మన హైదరాబాద్ చుట్టూ ఒకప్పుడు అనాబ్-ఎ-షాహీ తోటలున్నట్టే. వైన్ ద్రాక్ష చిన్నది, తోలు మందం, గింజలుంటాయి. ఎర్ర వైన్‌కు రంగు ఆ తోలు నుంచి, వగరు తోలు, గింజల నుంచి వస్తాయి. అమెరికా నుంచి తిరిగొచ్చిన రాజీవ్ సామంత్ సులా మొదలుపెట్టాడు. మొదటి వైన్ 2000లో అమ్మకానికి వచ్చింది, 2005లో తోటలోనే రుచి చూపే గది తెరిచారు. అప్పటిదాకా సీసా మనిషి దగ్గరికి పోయేది. ఆ గదితో మనిషి తోట దగ్గరికి రావడం మొదలైంది.

డిసెంబరు 21

బావ ఒప్పుకున్నాడు. బుధవారం పొద్దున సులాలో షెనిన్ బ్లాంక్, షిరాజ్. మధ్యాహ్నం కడుపునిండా భోజనం, సాయంత్రం యార్క్. గురువారం దిండోరి వైపు తోటలు చూసి రావడం. రెండు రోజులూ డ్రైవరుతో కారు. శుక్రవారం త్రయంబకం దర్శనం, అది మా ఇంటామె కోరిక.

అక్కడ అడగవలసినవి వేరే పుటలో రాశాను. ఒక్కసారికి ఎంతమందిని రానిస్తారు? రుచి చూపే మనిషి తోటలో పనిచేసినవాడేనా? టికెట్ డబ్బులో రైతుకు ఎంత దక్కుతుంది? ఇవి మన కల్లుకూ పనికొచ్చే ప్రశ్నలే. హైదరాబాద్‌లో 2023లో నీరా కేఫ్ తెరిచారు, సంతోషం. కల్లు మాత్రం దించిన కొన్ని గంటల్లోనే పులిసిపోతుంది, ఎక్కువ దూరం తీసుకుపోలేం. కాబట్టి మనుషులే చెట్టు కిందికి రావాలి, గీసినవాడి నోటే దాని సంగతి వినాలి. ద్రాక్ష రైతుకు దొరికిన ఆ మర్యాద మన గీత కార్మికుడికీ దొరకాలి. తిరిగొచ్చాక ముధోల్ దారిలోని వనంలో ఇప్పుడు గీస్తున్నవాళ్లతో కూర్చుని, ఇలా చెట్టు కిందే రుచి చూపడం ఈ ఎండాకాలమే మొదలుపెడదామని అడుగుతాను.