సైకిల్ మోత

"పప్పు ఉడకడం లేదమ్మా" అని మా అమ్మాయి మొదటిసారి ఫోన్ చేసినప్పుడు నేను నమ్మలేదు. నానబెట్టావా అంటే నానబెట్టానంది. అప్పటికింకా కుక్కరు కొనుక్కోలేదు, గిన్నెలో పెట్టింది. అది ఉండే బౌల్డర్ అనే ఊరు అమెరికాలో కొలరాడో రాష్ట్రంలో, సముద్రమట్టానికి దాదాపు 1,650 మీటర్ల ఎత్తున ఉంది. గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి అక్కడ నీళ్ళు 94, 95 డిగ్రీలకే మరిగిపోతాయి. ఇక కందిపప్పు ఏం ఉడుకుతుంది! మనం వణుక్కుంటూ చూసొచ్చే లంబసింగి వెయ్యి మీటర్ల ఎత్తు, అంతే.

మాది రాంబిల్లి. శారద నది సముద్రంలో కలిసేది మా దగ్గరే. ఉప్పుగాలికి ఇంట్లో ఇనప సామానంతా తుప్పు పడుతుంది. అలాంటి చోట పుట్టిన పిల్ల ఆ కొండల్లో ఉందంటేనే నాకు దిగులు. దానికి చిన్నప్పుడు ఆయాసం. చలికాలం వస్తే చాలు, పడుకోబెడితే గుండెల్లో పిల్లికూతలు. తెల్లార్లూ భుజాన వేసుకుని కూర్చునేదాన్ని. అర్ధరాత్రి ఆటో కట్టించుకుని అనకాపల్లి ఎన్నిసార్లు పరిగెత్తామో లెక్కలేదు.

ఆ పిల్ల పోయిన అక్టోబరులో ఫోన్ చేసి, "అమ్మా, సైకిల్ పందేనికి పేరిచ్చాను" అంది.

సైక్లోక్రాస్ అంటారట. రోడ్డు మీద తొక్కేది కాదు. గడ్డి, బురద, ఇసక, మెట్లు అన్నీ ఉన్న మూడు కిలోమీటర్లకు అటూఇటూ ఉండే దారిలో చుట్లు తిరగాలి. నలభై నిమిషాలో గంటో, అంతసేపూ ఆగకుండా. మధ్యమధ్య అడ్డంగా చెక్కలు పెడతారు. అక్కడ దిగి, సైకిల్ ఎత్తుకుని దాటి, పరిగెత్తుతూనే మళ్ళీ ఎక్కాలి. మెట్లొస్తే భుజాన వేసుకోవాలి. దీనికి ప్రపంచ పోటీలు 1950 నుంచీ ఉన్నాయట. మా అమ్మాయి పేరిచ్చింది గేర్లు లేని సైకిళ్ళ విభాగంలో. ముందు చక్రానికి 38 పళ్ళు, వెనక 18. ఎత్తొచ్చినా పల్లమొచ్చినా అదే లెక్క. వెనక పళ్ళు పెంచుకుంటే ఎక్కడం తేలికే కానీ, చదునులో కాళ్ళు ఊరికే తిరుగుతాయట.

"గాలి ఎలా ఆడుతుందే?" అన్నాను. సముద్రం ఒడ్డుతో పోలిస్తే అక్కడ ఒక్కో ఊపిరికీ అందే ఆక్సిజన్ ఆరోవంతు తక్కువని అదే చెప్పింది. చెప్పకపోయినా బాగుండేది.

"వద్దు. పేరు తీసేయించు."

"డాక్టరుకి చూపించుకున్నానమ్మా. ఊపిరి పరీక్ష చేశారు. ఇన్‌హేలర్ వాడి వెళ్ళమన్నారు."

"నేను వద్దన్నాను కదా."

అటునుంచి మాట లేదు. ఫోన్ పెట్టేశాక నాకూ ఏదో తోచలేదు.

నాకు సైకిల్ వచ్చు. పదేళ్ళకే నేర్చుకున్నాను. మా నాన్న సైకిల్ పెద్దది, సీటెక్కితే కాళ్ళు అందవు. అడ్డకమ్మీ కిందనుంచి కాలు దూర్చి తొక్కేదాన్ని. వెనక కూర్చుని నాన్నతో పాయ అవతలి పొలానికి వెళ్ళేదాన్ని. పాయ దగ్గర నాన్న పంచె ఎగ్గట్టి, సైకిల్ భుజానికెత్తుకుని, నా చెయ్యి పట్టుకుని దాటేవాడు. సగం దూరం మనం సైకిలెక్కితే, మిగతా సగం అది మనల్నెక్కేది. పన్నెండో ఏట నేను పెద్దమనిషినయ్యాను. మా అమ్మ తిట్టలేదు, కొట్టలేదు. సైకిల్‌కి తాళం వేసి తాళంచెవి బొడ్లో దోపుకుంది. ఎందుకే అని అడిగితే, "నానొద్దన్నాను కదా" అంది.

రెండ్రోజులు ఆగి నేనే ఫోన్ చేశాను. సారీ గీరీ ఏం చెప్పలేదు. "దారిలో ఇసక ఉందన్నావు, ఎంత లోతు?" అని అడిగాను.

అది కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "చక్రం కూరుకుపోతోందమ్మా, రోజూ అక్కడే పడుతున్నాను" అంది.

సముద్రం ఒడ్డున తొక్కినదాన్ని, ఇసక నాకు తెలీదా? ఇసకలో హ్యాండిల్ గట్టిగా పట్టుకోకూడదు. ముందు చక్రాన్ని దాని దారిన దాన్ని పోనివ్వాలి. బరువు వెనక్కి వేయాలి. ఏం జరిగినా కాళ్ళు ఆపకూడదు, ఆపామా, దిగడిపోతాం. ముందెవరైనా వెళ్ళిన గాడి ఉంటే అందులోనే పోవాలి. ఇవన్నీ చెప్పాను. ముప్ఫయ్యేళ్ళయినా ఒక్కటీ మర్చిపోలేదని నాకే ఆశ్చర్యం వేసింది.

నవంబరులో పందెం. అక్కడ ఆదివారం ఉదయం పది, మనకి రాత్రి పదిన్నర. ఊళ్ళోనే వాల్మాంట్ బైక్ పార్కులో. దాని స్నేహితురాలు వీడియో కాల్ పెట్టింది. నేను, మావారు, మా అత్తగారు మంచం మీద వరసగా కూర్చున్నాం. చూసే జనమంతా ఆవు మెడలో కట్టే గంటల్లాంటివి పట్టుకుని ఒకటే మోగించడం. బి.ఏ. తెలుగు చదివాను కదా, ఆ ఆటకో తెలుగు పేరు పెట్టాలనిపించి 'సైకిల్ మోత' అనుకున్నాను. మోయడమూ మోతే, మోగడమూ మోతే. మావారికి చెబితే, "ముందు పిల్లెక్కడుందో చూడు" అన్నారు.

ఎక్కడో వెనకుంది. మెట్ల దగ్గర సైకిల్ భుజానికెత్తుకుని వస్తోంది. మొహం కందిపోయింది, నోరు తెరిచి ఊపిరి తీస్తోంది. నా చెయ్యి దానంతటదే నా గుండె మీదికి పోయింది.

"బాగున్న సైకిలేనా? మరి మోస్తాదేటి?" అన్నారు మా అత్తగారు.

ఇసక మాత్రం రెండు చుట్లు దిగకుండా తొక్కింది. మూడోసారి పడింది. లేచింది. చివరికి ఇద్దరే దాని వెనకున్నారు.

అయ్యాక ఫోన్ తీసుకుంది. మాట రావడానికి చాలాసేపు పట్టింది. కూత ఏమైనా వినిపిస్తుందేమోనని చెవి ఆనించి విన్నాను. దగ్గుంది, కూత లేదు.

"చూశావా ఇసకలో?"

"చూశాను. మూడోసారి హ్యాండిల్ బిగబట్టావు."

"అవును" అని నవ్వింది. జనవరిలో ఇంకోటి ఉందట. ఇన్‌హేలర్ జేబులో పెట్టుకున్నావా అని అడిగితే తీసి చూపించింది. దానికీ ఇసకే.